ఒక్క రూపాయి ఆస్తి

మార్చి ముప్పై ఒకటి.
చిలకలగూడలో మందుల షాపు పైన మా ఆఫీసు.
ఫ్యాను వేస్తే ఓచర్లు లేస్తాయని
ఫ్యాను ఆపి, చెమటలో లెక్కలు కడుతున్నాను.

మా ఆస్పత్రికి మంచాలు లేవు.
ఎవరి మంచం వాళ్ళింట్లోనే ఉంటుంది.
అడ్డగుట్టలో నులక మంచం,
వారాసిగూడలో పెళ్ళినాటి పట్టె మంచం,
మెట్టుగూడ రైల్వే క్వార్టర్లో
రెండు బెంచీలు కలిపి కట్టింది ఒకటి.
మేమే వెళ్తాం.
పుండు కడగడానికి, గొట్టం మార్చడానికి,
నొప్పి ఎంతుందో వేళ్ళ మీద చూపించమనడానికి.
వెళ్ళి వచ్చినందుకయ్యే ఖర్చు
ఇదిగో, ఈ పుస్తకం.

ఆడిటర్ పురందర్ మంచివాడు.
ఫీజు తీసుకోడు, టీ మాత్రం రెండుసార్లు తాగుతాడు.
"ప్రయాణ ఖర్చులు బాగా తగ్గించారే" అన్నాడు.
తగ్గించింది నేను కాదు.
సిస్టర్ ఎస్తేరు స్కూటీ డిసెంబర్లో ఆగిపోయింది.
అప్పట్నుంచి బస్సులో జీరో టికెట్టు మీద తిరుగుతోంది,
ఒళ్ళో డ్రెస్సింగు ట్రే పెట్టుకుని.
రోజుకు ఏడిళ్ళు పోయేది, నాలుగయ్యాయి.
మిగతా మూడిళ్ళకు
పుస్తకంలో గడి లేదు.

వ్యానుకు డబ్బుంది.
తలుపు మీద పేరు రాయాలన్న షరతుతో
ఒక కంపెనీ ఇచ్చింది.
డీజిలుకు లేదు, డ్రైవరుకు లేదు.
ఆ డబ్బు బ్యాంకులో
మగపెళ్ళివారి చుట్టంలా కూర్చుంది.
పని చెప్పడానికి లేదు.

"రేపట్నుంచి పైసా రాకపోతే
ఎన్నాళ్ళు నడుస్తుంది?"
రోజుకు పదిహేను వేల చొప్పున
నొక్కి చూశాను. నలభై ఒక్క రోజులు.
చెబుతుంటే నా గొంతు
గడప బయటికొచ్చి ఇంటివాళ్ళతో మాట్లాడే
మా డాక్టరమ్మ గొంతులా అయింది.
పురందర్ కూడా ఆ ఇంటివాళ్ళలాగే
కాసేపాగి, "ఇంకేమైనా చేయొచ్చా" అన్నాడు.

ఆస్తులు చదివాం.
గాలిపరుపు, పాతది. తరుగుదల పోను ఒక్క రూపాయి.
సున్నా రాయకూడదట,
వస్తువింకా ఉందని గుర్తుకు ఒక రూపాయి ఉంచాలట.
దాని మీద తొమ్మిదిమంది పడుకున్నారు.
తొమ్మిదో ఆయన గడియారాల మస్తాన్ సాబు.
పోయిన నాలుగో రోజు కొడుకు
డెట్టాలుతో కడిగి, డాబా మీద ఆరబెట్టి,
ఆటోలో తెచ్చిచ్చాడు.
మోటారు గురక ఏమైందయ్యా అంటే
"అబ్బా బాగు చేసిండు సార్, పండుకునే."
రిపేరు ఖర్చు: లేదు.

రావలసిన బాకీల్లో
పోయినవాళ్ళ పేర్లు కొట్టేస్తున్నాం.
మెట్ల మీద చెప్పుల చప్పుడు.
లచ్చుంబాయి, ఆ రెండు బెంచీల ఇల్లు.
భర్త పోయి ఏడు నెలలు.
కొంగు ముడి విప్పి మూడు వందల నలభై బల్ల మీద పెట్టింది.
"అది కొట్టేసినం అమ్మా, ఇయ్యక్కర్లే."
"మీరు కొట్టేస్తే అయితదా?
ఆయన పేరు మీద బాకీ ఉండొద్దు. రసీదు రాయ్."
నేను పురందర్ వైపు చూశాను.
ఆయన టీ గ్లాసు వైపు చూశాడు.
రాశాను. చదువు రాదు,
అయినా కార్బన్ కింద నకలు కూడా చూపించమంది.

ఆమె దిగిపోయాక ఊరికే కట్టి చూశాను.
మూడు వందల నలభై అంటే
మాకు అరగంట, ఆ పైన రెండు నిమిషాలు.
ఒక పుండు కడిగి, కట్టు కట్టి,
చేతులు కడుక్కునేంత.

ఎనిమిదింటికి ఎస్తేరు వచ్చింది.
రెండు నెలల జీతం నా పుస్తకంలో
'చెల్లించవలసినవి' కింద ఉంది.
తల ఎత్తలేదు నేను.
"పరుపు ఏడుంది సార్?
బౌద్ధనగర్ల ఒకాయనకు వీపు చిట్లుతుంది."

మోటారు చంకన పెట్టుకుని ఆమె ముందు నడిచింది.
చుట్టిన పరుపు ఒక కొస నేను, ఒక కొస పురందర్.
మెట్లు ఇరుకు.
మలుపు దగ్గర ఆ ఒక్క రూపాయిని
కాస్త వంచి దించాల్సి వచ్చింది.